మా బహుపది అంతస్తు

పోయిన నెల నగరి నుంచి నాటకాల జట్టువాళ్ళు ముగ్గురు మా యింటికి వచ్చారు. వాళ్ళ నాటకంలో రాజుకు తలపాగా కావలసి వచ్చిందట. అద్దెకు దొరికేవన్నీ అట్టముక్కలూ తగరం మెరుపులూ. అసలైన జరీ తలపాగా తిరుపతిలో మా యింట్లో ఉందని ఎవరో చెప్పారట. "నాలుగు దినాలు ఇయ్యండి సార్, పువ్వుల్లో పెట్టి తెచ్చిస్తాము" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. నేను వాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఇవ్వనని చెప్పాను. మా వంశంలో ఆ తలపాగా ఒక తల మీది నుంచి ఇంకొక తల మీదికి వెళ్ళాలంటే ఒకరు పోవాలి, నాటకం ఆడితే చాలదు. వాళ్ళు మర్యాదగానే లేచి వెళ్ళారు. అడిగినవాళ్ళకు లేదన్న వస్తువు అసలు ఏ స్థితిలో ఉందో చూసుకోవడం నా బాధ్యత అనిపించి పెట్టె తెరిచాను. జరీ నల్లబడింది. పట్టులో చిమ్మటలు తమ వంతు తీసుకున్నాయి. ఒక చుట్టు విప్పబోతే లోపలి నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి రాలింది. అర్ధ సంవత్సర పరీక్షలో నేను రాసిన బీజగణితం జవాబు పత్రం. పైన ఎర్ర సిరాతో ముప్పై నాలుగు అని ఉంది. మా రోజుల్లో ముప్పై అయిదు వస్తే గట్టెక్కినట్టు.

ఆ కాగితం అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే ముందు మేము చిత్తూరులో ఎందుకు ఉండేవాళ్ళమో చెప్పాలి. మాది ఒకప్పుడు కొండల అంచున డెబ్భై ఊళ్ళు ఏలిన పాళెం. ఏలిన మాట నిజం, అందులో నేను ఒక్క ఊరు కూడా కలపలేదు. నేను పుట్టేసరికి ఊళ్ళు లేవు, కోట లేదు, మిగిలిందల్లా చుక్క నీళ్ళు పడని ఒక గుట్ట, ఆ గుట్ట మాదేనని చిత్తూరు కోర్టులో ఒక దావా. ఆ దావాకు వాయిదా ఉందని మా నాయన నాలుగు రోజులకని చిత్తూరు వచ్చి, ఒక యింట్లో సగభాగం తీసుకుని దిగారు. నేను ఆ సగభాగంలోనే పుట్టాను, అక్కడి నుంచే బడికి పోయాను, మీసాలు కూడా నాకు అక్కడే వచ్చాయి. వాయిదాలు ఇంకా జరుగుతూనే ఉండేవి. ఉన్నవి రెండు గదులు, ఒక వసారా, వంటకు ఒక సందు. వాటిని గదులు అనడానికి మా అవ్వ ఒప్పుకునేది కాదు. వసారా కచేరీ సావిడి, ముందు గది కొలువు తీరే హజారం, వెనక గది రాణులుండే నగరు. వంట సందుకు మాత్రం ఆమెకు కూడా పేరు దొరకలేదు. రెండో సగంలో కాపురమున్న పోస్టాఫీసు గుమాస్తా పిల్లలు గోడకు అవతల ఎక్కాలు వల్లిస్తుంటే, "ప్రజలు యాలనో గోల చేస్తాండారు, కనుక్కోండి" అనేది.

మా పొద్దులు సాంబ్రాణి పొగతో మొదలయ్యేవి. అది దేవుడి కోసం కొంత, గుమాస్తాగారి కిరసనాయిలు స్టవ్వు వాసన మా హజారంలోకి రాకుండా కొంత. నాయన స్నానం చేసి, తల లేని పులిచర్మం మీద కూర్చునేవారు. తలను ఎలుకలు తినేశాయి. పులి కాబట్టి మిగిలినది చాలు అనేవారు. ఆయన గోడకు వీపు ఆనించి కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. మా యింట్లో ఎవరూ ఆనకూడదు. "కోట గోడలే మనల్ని ఆపలేదు, ఈ మట్టి గోడ ఆపుతాదా? నిటారుగా కూసో" అనేవారు. ఆ తరువాత రాగిజావ. వెండి గ్లాసులు పన్నెండులో ఒక్కటి మిగిలింది. ముందు అవ్వ, తరువాత నాయన, తరువాత నేను, చివర అమ్మ, వరసగా ఆ ఒక్క గ్లాసులోనే తాగాలి. మధ్యమధ్య అమ్మ దాన్ని కడిగి, తుడిచి, మళ్ళీ నింపేది. గూట్లో ఇత్తడి గ్లాసులు నాలుగు ఉండేవి, కానీ వాటిలో తాగితే అంతస్తు పోతుంది. నేను చివరి గుక్క మింగేసరికి బడిలో మొదటి గంట కొట్టేవాళ్ళు. "ఈ అంతస్తు ఎవురికి కనపడాలని? వాకిలి మూసుకుని గదా తాగేది" అని అమ్మ గ్లాసుతో గొణిగేది. అమ్మ మాట గ్లాసు తప్ప ఎవరూ వినేవారు కాదు.

అంతస్తు అన్న మాట మా యింట్లో రోజుకు ఇరవై సార్లయినా వినిపించేది. అలాంటి యింటి పిల్లవాడికి అదే మాట లెక్కల తరగతిలో వినిపిస్తే ఏమవుతుంది? ఆ ఏడు లెక్కలు కూడా తెలుగులోనే చెప్పాలని పై నుంచి ఉత్తరువు వచ్చింది. పుస్తకాలు మాత్రం రాలేదు. మా లెక్కల అయ్యవారు కుప్పుసామయ్యర్ గారికి ఇంట్లో తమిళం, బడిలో ఇంగ్లీషు, తెలుగు కూరగాయల అంగడి దగ్గర మాత్రమే. ఆయన తెలుగు పండితుణ్ణి అడిగి బహుపది, గుణకం, ఘాతం అనే మాటలు సంపాదించారు. డిగ్రీ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పండితుడు సెలవు మీద ఊరికి పోయాడు. అయ్యవారు ఒక రాత్రంతా ఆలోచించి, ఎక్స్ నెత్తి మీద చిన్న అంకె కూర్చోవడం మేడ మీద మిద్దె కట్టినట్టు ఉందని తలచి, దానికి అంతస్తు అని పేరు పెట్టారు. ఆయన ఉద్దేశం మిద్దె. హోదా అని ఆ మాటకు ఉన్న రెండో అర్థం అంగడిలో ఎవరూ ఆయనకు చెప్పి ఉండరు.

"సూడండి పిల్లలారా," అన్నారు ఆయన నల్లబల్ల దగ్గర. "బహుపదిలో పదాలు ఎన్నో ఉంటాయి. అన్నింటినీ లెక్క పెట్టే పని లేదు. యా ఎక్స్ మీద పెద్ద అంకె ఉండాదో వెతుకు. అదే మొత్తానికి అంతస్తు. ఎక్స్ ముందర వెయ్యి ఉండనీ, లక్ష ఉండనీ, అది గుణకం. దానికీ అంతస్తుకీ సంబంధం లేదు. వెయ్యి పూరి గుడిసెలు ఒక్క అయిదంతస్తుల మేడకు సమానం అవుతాయా?" అప్పటికి చిత్తూరులో అయిదంతస్తుల మేడ అయ్యవారూ చూడలేదు, మేమూ చూడలేదు. కానీ ఇది మా నాయన రోజూ చెప్పే మాటే.

సాయంత్రం బడి నుంచి వచ్చాక నాయన నన్ను ఎదురుగా నిలబెట్టి, వేరే రాజ్యం నుంచి తిరిగి వచ్చిన దూతను అడిగినట్టు ఆనాటి పాఠం అడిగేవారు. నేను అంతస్తు సంగతి చెప్పాను. ఆయన మూడు సార్లు చెప్పించుకున్నారు.

"అంటే, కింద ఎంతమంది ఉన్నా లెక్క లేదా?"

"లేదు నాయనా. పెద్ద ఘాతం ఎవురిదో వాళ్ళదే అందరికీ అంతస్తు."

"ఘాతమంటే?"

నాకు తెలిసింది చెప్పాను. ఆయనకు అక్కరలేదు. ఘాతమంటే దెబ్బ అని ఆయన అప్పుడే తేల్చుకున్నారు. మా వంశంలో నాయనతో మొదలుపెట్టి పైకి లెక్కిస్తే అయిదో తరం ఆయన, డెబ్భై ఊళ్ళ దొర, పులిని అయిదు దెబ్బల్లో చంపాడని మా నమ్మకం. ఆ పులి చర్మమే నాయన కింద ఉన్నది. ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే నాయన నా పలక తీసుకుని మా వంశాన్ని బహుపదిగా రాయించారు. ఎక్స్ అంటే నాయన. ఎక్స్ వర్గం తాత. ఘనం ముత్తాత. నాలుగో ఘాతం ఆయన తండ్రి. అన్నిటికీ ముందు, ఎడమ చివర, అయిదో ఘాతం. "మరి నేను?" అన్నాను. ఎక్స్ లేని ఉత్త అంకె ఒకటి చివర ఉంటుందని, దాన్ని స్థిరపదం అంటారని నేనే చెప్పి ఉన్నాను. నాయన ఒకటి వేసి, "ఇది నువ్వు. స్థిరంగా ఉండు" అన్నారు.

"నేనో?" అంది అమ్మ వంట సందులో నుంచి.

"నీది పుట్టింటి బహుపది. అది వేరే."

"ఆ బహుపదిలో చింతపండు యాడన్నా ఉంటే తీసియ్యండి. ఈ పొద్దు చారుకు లేదు."

రెండు వారాల పాటు మా యిల్లు బీజగణితంతో నిండిపోయింది. మా పాత సేవకుడు మునెప్పకు కూడా ఒక అంతస్తు కావలసి వచ్చింది. సంగతి అర్థం కాకపోయినా, పంచుతున్నారంటే తీసుకోవాలి గదా. నాయన ఆలోచించి అతనికి కూడిక గుర్తు ఇచ్చారు. అది లేకపోతే మమ్మల్ని కలిపి ఉంచేది ఏమిటి అన్నారు. మునెప్ప వారం రోజులు మీసం మెలివేశాడు. చిక్కు ఒక్కసారే వచ్చింది. ఒకే పదంలో ఎక్స్ వర్గం, వై ఘనం పక్కపక్కన ఉంటే ఆ రెంటినీ కలిపి దాని అంతస్తు అయిదు అవుతుందని అయ్యవారు చెప్పారు. నాయన ముఖం నల్లబడింది. "రెండోవాడొకడు, మూడోవాడొకడు సేతులు కలిపి అయిదో ఆయన పక్కన కూసుంటారా? ఇది లెక్క కాదురా అబ్బోడా, కుట్ర. నువ్వు వాళ్ళ పక్కకు పోవాకు" అన్నారు. నేను నోటుపుస్తకంలో ఆ పుట మడిచి పెట్టాను.

అంతలో కోట పోయిన రోజు వచ్చింది. ఏటా ఆ రోజు మేము గడప దాటకూడదు. మధ్యాహ్నం దాకా పొయ్యి వెలగదు. మునెప్ప వసారాలో కూర్చుని డోలును ఒకసారి కొట్టి, నూరు లెక్కపెట్టి, మళ్ళీ ఒకసారి కొట్టేవాడు. గుమాస్తాగారి భార్య ఆ రోజుకని పిల్లల్ని పుట్టింటికి తోలేసేది. మరునాడు నేను బడికి నాయన చేవ్రాలుతో చీటీ తీసుకుపోయాను. "కోట పోయినందున నిన్న రాలేకపోయినాడు" అని ఉంది. అయ్యవారు దాన్ని రెండు సార్లు చదివి, "ఎవరి కోట? ఎప్పుడు పోయింది?" అని కంగారుగా అడిగారు. నూరేళ్ళు దాటిందని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరి, కూర్చో" అన్నారు. నేను లేని ఆ ఒక్క రోజున ఆయన ఏం చెప్పారో నేను ఎవరినీ అడగలేదు. మా యింటివాళ్ళు అడగరు. ఆ రోజు ఆయన చెప్పింది ఇది: గుణకం ఎంతైనా లెక్క లేదు, ఒక్క సున్నా తప్ప. ముందు సున్నా ఉంటే ఆ పదమే లేనట్టు. దాన్ని వదిలేసి తరువాతి పెద్దదాన్ని చూసుకోవాలి.

అర్ధ సంవత్సర పరీక్షలో నాలుగో ప్రశ్న అదే. 0x⁵ + 4x² − 7x + 9, దీని అంతస్తు ఎంత? సున్నాను చూసి నేను కాసేపు ఆగిన మాట నిజం. కానీ ఎడమ చివర అయిదో ఘాతం కూర్చుని నన్నే చూస్తోంది. మా పెద్దాయన్ను చూసి చూడనట్టు ఎలా పోను? అయిదు అని రాశాను. మార్కు ఖాయం చేసుకోవడానికి కింద ఒక వాక్యం కూడా కలిపాను: "గుణకం సున్నా అయినంత మాత్రాన పెద్దలకు లోటు రాదు." దాని కింద అయ్యవారి ఎర్ర సిరా ఇప్పటికీ చెక్కుచెదరలేదు: "పెద్దల సంగతి నాకు తెలియదు. అంతస్తు రెండు."

మొత్తం ముప్పై నాలుగు. ఒక్క మార్కు. తప్పినవాళ్ళను కింది తరగతి పిల్లలతో కలిపి కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాళ్ళు. నాయన కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశారు. తరువాత చాలా నెమ్మదిగా అన్నారు, "తప్పినోడని పిలిపించుకునే కర్మ మనకు లేదు. రేపు నేను బడికి వస్తాను. ఆ ఒగ మార్కు న్యాయంగా వస్తే సదువుకో. రాకుంటే ఇంగ బడి వద్దు. ఇంట్లో నా పక్కన కూసో. దొరతనం నేర్చుకుందువు."

బడి అంటే నాకు ఇష్టమని యింట్లో ఎవరికీ తెలియదు. అది చదువు మీద ప్రేమ కూడా కాదు. మా తరగతిలో నా బెంచీ గోడ పక్కది. రోజుకు ఆరు గంటలు నేను ఆ గోడకు వీపు ఆనించుకుని కూర్చునేవాణ్ణి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అక్కడ నేను ఎవరి మునిమనవణ్ణీ కాను, హాజరు పట్టీలో పదిహేడో నంబరును. ఆ ఒక్క మార్కు రాకపోతే నా శేష జీవితం తల లేని పులి మీద నిటారుగా గడపాలి.

మరునాడు ఉదయం నాయన జరీ తలపాగా చుట్టుకున్నారు. ముఖ్యమైన పత్రాలను మా పెద్దలు తలపాగాలోనే పెట్టుకునేవారట. ఆయన కూడా నా జవాబు పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి ఒక చుట్టు లోపల దోపుకున్నారు. మునెప్ప గొడుగు పట్టాడు. ఆ గొడుగుకు గుడ్డ లేదు, కమ్ములే మిగిలాయి. నాయన ముఖం మీద ఎండ గీతలు గీతలుగా పడుతోంది. అయినా మునెప్ప దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, ఎండను తప్పిస్తున్నంత శ్రద్ధగా నడిచాడు. నడుస్తూ బిరుదులు చదివాడు. "డెబ్భై ఊళ్ళ దొర, పెద్దపులిని అయిదు దెబ్బల్లో పడేసిన దొర, పరాక్!" అని పై నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తరమే కిందికి దిగేవాడు. అతనికి ఉబ్బసం. బడి గేటు చేరేసరికి మా తాత దగ్గరికి వచ్చి ఊపిరి అయిపోయింది.

హెడ్మాస్టరు దేవదానం గారు ఎవరి మీదా గొంతు ఎత్తని మనిషి. ఆయన బెత్తం కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద బరువుగా పనికివచ్చేది. ఆయన నాయనకు కుర్చీ వేయించారు. నాయన దాని వీపుకు జానెడు ఎడంగా కూర్చుని, తలపాగాలో నుంచి పత్రం తీసి బల్ల మీద పరిచారు. కుప్పుసామయ్యర్ గారిని పిలిపించారు.

"అయ్యవారూ, మా అబ్బోనికి ఒగ మార్కు తగ్గించినారంట."

"తగ్గించలేదు దొరా. రాలేదు."

"ఈడ మొదట కూసున్నది ఎవురు?" అంటూ నాయన వేలు పెట్టి చూపించారు.

"ఎక్స్ అయిదో ఘాతం."

"ఆయన అంతస్తు ఎంత?"

"అయిదు."

"మావాడు ఆ మాటే గదా రాసినాడు?"

"ముందర సున్నా ఉండాదే దొరా!"

"ఉండనీ. అంతటాయన ముందర నిలబడితే సున్నాకు గౌరవం. ఆయనకేం తక్కువ?"

"సున్నాతో హెచ్చిస్తే ఏదైనా సున్నానే. ఆ పదం లేదు."

"లేదా? లేనాయన్ని మీరు ప్రశ్న కాగితంలో యాల రాసినారు? రమ్మని పిలిచి, అందరికన్నా ముందు పీట వేసి, ఆమీట నువ్వు లేవు పొమ్మంటారా? ఇదేం మర్యాద?"

అయ్యవారు అంతవరకు ఎవరి నుంచీ ఈ ప్రశ్న ఎదుర్కోలేదు. ఆయనకు వచ్చిన తెలుగులో సమాధానం వెతికారు. "దొరా, నేను అంగడికి పోతాను. సేతిలో బుట్ట ఉండాది. బుట్టలో వంకాయలు సున్నా. ఇంటికి పోయి, ఈ పొద్దు వంకాయ కూర అని చెప్పేదానికి అవుతుందా?"

నాయన లేచి నిలబడ్డారు. "మా పెద్దల్ని వంకాయలంటారా?"

"అయ్యయ్యో, మీ పెద్దలు ఎక్కడ వచ్చినారు ఇందులో? ఇది బహుపది!"

"మాది బహుపది కాదా?"

గుమ్మం దగ్గర నుంచి మునెప్ప, "దొరా, గొడుగు లోపలికి తెద్దునా?" అన్నాడు. హెడ్మాస్టరుగారు చెయ్యెత్తారు. "ఇద్దరూ కూర్చోండప్పా. పిల్లవాడు ఆ పాఠం చెప్పిన రోజు బడికి రాలేదు, చీటీ నేనూ చూసినాను. ఇప్పుడు ఒక్క ప్రశ్న అడుగుదాం. సరిగ్గా చెప్తే మార్కు ఇస్తాం. చెప్పకుంటే దొరవారి ఇష్టం." నాయన తల ఊపారు. అయ్యవారు సున్నాను గురించిన నియమాన్ని నాకు ఒకసారి వివరించి, సుద్దముక్క తీసుకున్నారు. ఈసారి తప్పించుకోవడానికి సందు ఉండకూడదని కాబోలు, ఆయన ఒక సున్నాతో ఆగలేదు. గోడకున్న నల్లబల్ల మీద రాశారు: 0x⁵ + 0x⁴ + 0x³ + 0x² + x + 1.

ఆయనకేం తెలుసు? ఆయన మా యింటికి ఎన్నడూ రాలేదు, నా పలక చూడలేదు. మేమంతా అక్కడ వరసగా నిలబడి ఉన్నాం. అయిదో ఆయన నుంచి తాతదాకా ఒక్కొక్కరి ముందూ ఒక సున్నా. నాయన వైపు చూశాను. ఆయన కూడా చదివారు. ఎండ గీతలు పోయినా ముఖం మీద ఇంకా గీతలు ఉన్నట్టే అనిపించింది. అయిదు అంటే మా పెద్దలు నిలబడతారు, నా బడి పోతుంది. నిజం చెబితే బడి ఉంటుంది. కానీ ఇద్దరు ఉపాధ్యాయుల ముందు, మునెప్ప వింటుండగా, నా నోటితో నాలుగు తరాలను లేరని చెప్పాలి. అప్పుడు ఆ వరసలో సున్నా లేని చోటు కంటబడింది.

"ఒకటి సార్" అన్నాను.

నాయన నా వైపు తిరిగారు. "ఒకటా? ఎవురిది?"

"మీది నాయనా. వాళ్ళంతా సున్నాలైనా మీరు ఉండారు. ఈ బహుపదికి పెద్ద మీరే."

అయ్యవారు హెడ్మాస్టరుగారి వైపు చూశారు. "జవాబు సరి. మధ్యలో వీళ్ళ నాయన ఎందుకు వచ్చినారో తెలియదు." నాయన ఆ మాట వినలేదు. నల్లబల్ల దగ్గరికి నడిచి వెళ్ళి ఆ ఎక్స్ ముందు నిలబడ్డారు. ఎన్నడూ ఎవరినీ తన కోసం అడిగి ఎరగని మనిషి, మెల్లగా అడిగారు.

"అయ్యవారూ, దీని ముందర ఏమీ రాయలేదే. ఇది కూడా సున్నానేనా?"

"లేదు దొరా. ఏమీ రాయకుంటే ఒకటి అని అర్థం."

"రాయకపోయినా ఉండాదా?"

"ఉండాది. రాయము, అంతే."

నాయన తల ఊపారు. హెడ్మాస్టరుగారు మార్కుల పట్టీలో ముప్పై అయిదు వేశారు. కాగితం మీద కూడా దిద్దుతానని అయ్యవారు ఎర్ర కలం తీస్తే, ఇంక మా కాగితం మీద ఎర్ర సిరా వద్దని నాయన దాన్ని మడిచి మళ్ళీ తలపాగాలో దోపుకున్నారు. ఆ పూటకు సెలవు అడిగి నన్ను వెంట తీసుకుని బయలుదేరారు.

అప్పటి నుంచి మా యింట్లో అంతా మారిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఏమీ మారలేదు. మరునాడు వెండి గ్లాసు అదే వరసలో తిరిగింది. గుట్ట దావా నాయన పోయిన తరువాత కూడా నడిచింది. ఇప్పుడు నేను ఉండేది తిరుపతిలో మూడో అంతస్తులో. అంటే కుప్పుసామయ్యర్ గారి లెక్కన నేను ఘనం. లిఫ్టు పాడైన రోజున ఆ అంతస్తు విలువ మోకాళ్ళకు తెలుస్తుంది. ఇప్పటి పుస్తకాలలో దాన్ని పరిమాణం అంటున్నారు. మంచి మాటే, ఎవరికీ కోపం రాదు. మా మనవరాలు ఏ ఆఫీసు కిటికీ దగ్గరైనా నిలబడి తండ్రి పేరు అడిగితే గడగడ చెప్పేస్తుంది, స్పెల్లింగుతో సహా. చెప్పవలసిందే, లేకపోతే పని జరగదు. మా కాలంలో కొడుకు తండ్రి పేరు నోటితో పలికేవాడు కాదు. భార్య అసలే పలకదు. సేవకుడు పలికితే నాలుక తెగిపోతుందనుకునేవాడు. పలకగలిగిన పెద్దవాళ్ళలో మా అవ్వ ఒక్కతే మిగిలింది, ఆమె ఆయన్ను దొర అనే పిలిచేది. అందుచేత మా నాయన పేరు కోర్టు కాగితాలలో తప్ప గాలిలో వినబడేది కాదు. ఈ సంగతి ఆ రోజు బజారు వీధిలోకి వచ్చేదాకా మాలో ఎవరికీ తోచలేదు.

మునెప్ప గొడుగు కమ్ములు విప్పి, గొంతు సవరించుకుని, "డెబ్భై ఊళ్ళ దొర..." అని ఎత్తుకున్నాడు. నాయన ఆగారు.

"ఈ పొద్దు వాళ్ళను పిలవాకు మునెప్పా. నా పేరు చెప్పు."

"తమరిదా?"

"నాదే. అదొగటే సాలు."

మునెప్ప నా దగ్గరికి వంగి చెవిలో అడిగాడు, "సిన్నదొరా, దొర పేరేమి?" నలభై ఏళ్ళు ఆయన వెంట నడిచిన మనిషికి అది తెలియదు. నాకు తెలుసు, హాజరు పట్టీలో చూశాను. కానీ ఎలా చెప్పను? తల అడ్డంగా ఊపాను. మునెప్ప నన్ను బతిమాలాడు. "అచ్చరం అచ్చరం సెప్పు సిన్నదొరా, నేను కలుపుకుంటా." అది కూడా నాకు చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు, అందుకే ఈ పుటల్లో మీకు ఎక్కడా కనబడదు. చింతపండు బస్తాల బండి ఒకటి మా కోసం ఆగిపోయింది. వెనక ఇంకో రెండు ఆగాయి. బండివాడు, "జరగండప్పా, దోవలో ఏమి పంచాయతీ?" అని అరిచాడు. నాయన మా ఇద్దరి వైపూ చూశారు. మా వల్ల కాదని ఆయనకు అర్థమయింది. వీపు ఇంకొంచెం నిటారు చేసి, గుండె నిండా గాలి పీల్చుకుని, బజారంతా వినబడేటట్టు తన పేరు తానే పిలిచారు. ఒకసారి కాదు, మూడు సార్లు.

అంగళ్ళలో బేరాలు ఆగాయి. బెల్లం అమ్మే ముసలామె గంప పక్కన పెట్టి లేచి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వీధి ఆ చివరా ఈ చివరా చూసింది.

"ఎవురు తప్పిపోయినారు సామీ? పిలకాయనా, పెద్దోడా?" అంది.

"పెద్దోడే," అన్నారు నాయన. "దొరికినాడులే."

ఆమె గంప పక్కన మళ్ళీ కూర్చుంది. నాయన బండికి దారి ఇచ్చారు.